చొక్కా మీద పోసిన సీసం

బెహియా తన మొగుడి చొక్కా పట్టుకుని మా ఇంటికి వచ్చింది ఒక శనివారం పొద్దున. నేను పిండి పొరల్లో పాలకూర పెట్టి చుడుతున్నాను. చేతుల నిండా నూనె, కళ్ళజోడు మీద పిండి. ఆమె గుమ్మంలో జోళ్ళు విప్పి, రెండూ గోడకు సమంగా సర్ది, నైలాను సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"రాసింకి సీసం పొయ్యాలి వదినా. ఆయనకి భయం పట్టుకుంది."

"రాసింకా? ఆ మనిషిని పట్టుకోవాలంటే భయం ముందు నాలుగంతస్తులు ఎక్కాలి. మీ లిఫ్టు చెడిపోయి ఏడాదైందిగా."

నవ్వలేదు. సంచిలోంచి గళ్ళ చొక్కా తీసి బల్ల మీద పెట్టింది.

"రమ్మంటే రాడు. అందుకని ఇది తెచ్చా. ఉతకలేదు, నువ్వు ఉతకొద్దంటావుగా."

మా జెనిత్సా ఊళ్ళో సీసం పోసి భయం తీసేవాళ్ళు ఒకప్పుడు వీధికొకరు ఉండేవారు. ఇప్పుడు మా పేటకు నేనొక్కదాన్నే మిగిలాను. భయపడ్డ మనిషిని కూర్చోబెట్టి నెత్తి మీద ఎర్రగుడ్డ కప్పుతాం. పైన నీళ్ళ గిన్నె పట్టి, కరిగిన సీసం అందులో పోస్తాం. మూడు వారాలు, మూడుసార్లు. ఎన్ని ముళ్ళు లేస్తే అంత భయమని లెక్క. మనిషి రాలేకపోతే ఒంటికి తగిలిన బట్ట చాలు. మా అత్తగారి కాలంలో జర్మనీ నుంచి పోస్టులో మేజోళ్ళు వచ్చేవి. సిగ్గుపడి ఉతికి పంపేవాళ్ళను ఆవిడ తిట్టిపోసేది. ఉతికిన బట్టకు ఏం తెలుస్తుంది, చివరగా ఎవరి చెమట అంటిందో వాళ్ళ సంగతే బట్ట చెబుతుంది అనేది.

నేనేం నమ్ముతానో కూడా చెప్పేస్తాను. సీసం సీసమే. కరిగిన సీసం చల్లటి నీళ్ళలో పడితే ముళ్ళు ముళ్ళుగా చిట్లుతుంది, ఎవరి నెత్తి మీద పోసినా అంతే. ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు. కాని ఒక మనిషి ఇంకో మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టి అరగంట ఊరికే కూర్చోవడం ఈ ఊళ్ళో ఇంకెక్కడా జరగదు. అందుకే వచ్చినవాళ్ళను వద్దనను.

బెహియా గురించి మా పేటలో తెలియనివాళ్ళు లేరు. ఆమెకు పదమూడేళ్ళప్పుడు, యుద్ధంలో వాళ్ళ ఊళ్ళోకి సైనికులు వచ్చి మగవాళ్ళను రమ్మన్నారు. వాళ్ళ నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ "ఇప్పుడే వస్తా" అని గేటు దాటాడు. అంతే. తల్లీ కూతుళ్ళు బస్సుల్లో పడి ఇక్కడికి చేరారు, స్కూలు జిమ్నాసియంలో రెండేళ్ళు పడుకున్నారు. తల్లి పోయింది. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఒక గోతిలో ఎముకలు బయటపడితే, బెహియా నెత్తురుతో సరిపోల్చి ఆయనవేనన్నారు. బెహియా ఒక్కతే వెళ్ళి సంతకం పెట్టి, అదే రోజు మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చి, రెండో షిఫ్టుకు వెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఆలస్యమైందేమని మేస్త్రీ అడిగితే ఆఫీసులో కాగితాల పని ఉందని చెప్పిందట.

ఆమె పని ఇటలీ వాళ్ళ ఆడజోళ్ళకు పైతోలు కుట్టడం. మడమ దగ్గర వంపు ఒక్కటే ఆమె కుడుతుంది, పదహారేళ్ళుగా అదొక్కటే. మంచి పనిమంతురాలు. మనిషిని చూస్తే ఏమీ తెలియదు. పెళ్ళిలో ఎలా ఉంటుందో చావింట్లోనూ అలాగే ఉంటుంది. పిల్లలు కలగలేదు, అందుకూ ఏడవలేదు. మొదట్లో నేను దాన్ని గట్టి గుండె అనుకునేదాన్ని. తప్పు నాదే.

రాసిం కొండ మీద నుంచి దుంగలు దింపే లారీ తోలుతాడు. పెద్ద శరీరం, చిన్న గొంతు. బెహియాకున్న ఒకే ఒక్క జబ్బు అతనికి ఫోన్ చెయ్యడం. బయల్దేరావా, ట్రావ్నిక్ దాటావా, దుంగలు ఎక్కించారా, దిగుతున్నావా. గంటకు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు. మిషను మీద నుంచి లేచి మరుగుదొడ్లోకి వెళ్ళి చేసేది. కాఫీ హోటల్లో మగవాళ్ళు రాసిం ఫోన్ మోగితే "ఒరే, కంట్రోల్ రూం!" అని అరిచేవారు. అతను నవ్వుతూనే ఎత్తి, "బానే ఉన్నా" అని పెట్టేసేవాడు.

మార్చిలో వ్లాషిచ్ కొండ దిగుతుంటే లారీ మలుపులో గోడను గుద్దుకుని పక్కకు ఒరిగింది. దుంగలన్నీ లోయలోకి పోయాయి. రాసింకి రెండు పక్కటెముకలు విరిగాయి, ఒక భుజం దెబ్బతింది. నక్క అడ్డం వచ్చిందన్నాడు. హోటల్లో వాళ్ళకు అదీ పండగే: "నక్కకేం కాలేదు కదరా? చూడ్డానికి వెళ్ళావా?" కాని ఇంటికొచ్చాక రాసిం మాట తగ్గిపోయింది. బాల్కనీలో కూర్చుని ఎదురు మేడ వైపు చూస్తాడు. ఇంట్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు. మూడు వారాల్లో మళ్ళీ లారీ ఎక్కాలి. ఈ భయంతో ఎక్కితే మళ్ళీ గోడే అని బెహియా లెక్క.

నేను ఆ చొక్కాను పీట మీద పరిచి, ఎర్రగుడ్డ కప్పి, కిటికీ తెరిచాను.

"కిటికీ మూసెయ్ వదినా, గాలి నేరుగా కొడుతోంది."

"సీసం పొగ పీలిస్తే ఏం కాదు గానీ గాలి తగిల్తే చచ్చిపోతావా?"

"మెడ పట్టేస్తుంది."

మా వాళ్ళంతా ఇంతే. యుద్ధం తప్పించుకున్నారు, కిటికీకి భయపడి చస్తున్నారు. బిస్మిల్లా అనుకుని సీసం పోశాను. నీళ్ళు కస్సుమన్నాయి. తీసి చూస్తే ఒళ్ళంతా ముళ్ళు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంత ఉందా ఆయన లోపల?"

"ఉంది" అన్నాను. మొగుణ్ణి బాగుచేసుకోవాలని వచ్చినదానితో ఇంకేమంటాను?

బుధవారం రాసిం మా పొయ్యి గొట్టం దులపడానికి వచ్చాడు, ఒంటి చేత్తో. ఖాళీగా కూర్చోలేక ఏదో ఒక పని వెతుక్కునేవాడు.

"నా చొక్కా మీద ఏదో పోశావంట అక్కా."

"పోశా. ముళ్ళే ముళ్ళు."

"ముళ్ళు రావా మరి" అన్నాడు. కాసేపు మసి దులిపాడు. తర్వాత, నా వైపు చూడకుండానే, "నక్క లేదక్కా" అన్నాడు.

"ఏంటి?"

"నక్కా లేదు, గిక్కా లేదు. ఫోన్ మోగింది. అన్నీ మలుపులు, రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి కూడా ఎత్తకపోతే ఆమె ఏమైపోద్దో నాకు తెలుసు. ఎత్తి, బానే ఉన్నా అన్నా. అనేసరికి గోడ."

నేను చీపురు గోడకు ఆనించాను.

"దానికి చెప్పావా?"

"చెప్తే బతుకుద్దా?"

"అయితే ఇంక ఫోన్ ఇంట్లో పడేసి పో."

"ఒకసారి పడేసే పోయా. పోలీసులకి చేసింది, రెండు ఆసుపత్రులకి చేసింది, మా యజమాని పెళ్ళాన్ని నిద్రలేపింది. సాయంత్రం ఇంటికొస్తే గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు, ఏడవలేదు. పొద్దుట్నించీ అలాగే నిలబడుందంట." గొట్టాన్ని మళ్ళీ బిగించాడు. "నేను లారీ ఎక్కితే మళ్ళీ మోగుద్ది. మోగితే మళ్ళీ ఎత్తుతా. అదీ సంగతి. ఎవరికీ చెప్పకు."

ఒట్టు పెట్టించుకుని వెళ్ళాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఒకడు పెళ్ళాం నొచ్చుకుంటుందని లోయలో పడడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంకొకతె మొగుడు బతికే ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి అతన్ని చంపేటట్టు ఉంది. మధ్యలో నేను, నా సీసం గరిటె.

రెండో శనివారం ఆమె ఎడమ చూపుడువేలికి కట్టుతో వచ్చింది. మిషను సూది గోట్లోంచి దిగి అటువైపు వచ్చిందట. పక్క మిషను పిల్ల లేతరంగు తోలు మీద నెత్తురు చూసి కేకపెట్టేదాకా ఈమెకు తెలియలేదు. ఆ వేలితోనే ఇంకో రెండు జతలు కుట్టేసింది.

"నొప్పి తెలీలేదా?"

"లేదు వదినా. చూశాక తెలిసింది."

బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. నేను చొక్కా పరచడానికి చేతిలోకి తీసుకున్నాను, ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రాసిం పక్కన నిలబడితే డీజిలు, పొగాకు, పచ్చి దేవదారు వాసన వస్తుంది. ఈ చొక్కా జోళ్ళు అతికించే జిగురు వాసన వేస్తోంది, దాని మీద బెహియా చేతులకు రాసుకునే చామంతి క్రీము.

"ఈ చొక్కా ఎవరు తొడుక్కున్నారే?"

"ఆయనదే."

"ఎవరిదని అడిగానా? ఎవరు తొడుక్కున్నారు?"

"నేనే తొడుక్కుంటా" అంది నెమ్మదిగా. "ఆయన రోడ్డు మీదుంటే ఇంట్లో ఇదే వేసుకుంటా. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వేసుకునే పడుకున్నా. ఏం, పనికిరాదా?"

నేను కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, పోయినవారం పోసింది రాసింకి కాదు. నీకు."

ఆమెకు కోపం వచ్చింది. కోపం కూడా చిన్నదే, కనుబొమల దాకా వచ్చి ఆగింది.

"నాకు భయమేంటి వదినా? నాకసలేమీ లేదు. పొద్దున్నే లేస్తా, వండుతా, కుడతా, పడుకుంటా. లోపల ఏమీ తెలీదు. ఆయన ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఊపిరందదు. చేతులు చల్లబడిపోతాయి, గుండెల మీద ఎవరో కూచున్నట్టుంటుంది. ఎత్తాడా, పోతుంది. మళ్ళీ ఏమీ ఉండదు. దాన్ని భయమంటారా?"

"మరేమంటారే, పిచ్చిమొహమా?"

"అలవాటు అనుకున్నా."

ఆ మాటకు నేను నిజంగా ఏడ్చాను. ఆమె నాకు కాగితపు రుమాలు అందించి, కాఫీ తనే పెట్టింది.

మూడో శనివారం చొక్కా వద్దన్నాను. ఆమెనే పీట మీద కూర్చోబెట్టాను. ఫోన్ లాక్కుని నా పిండిడబ్బాలో పడేసి మూతపెట్టాను. సోమవారం రాసిం లారీ ఎక్కుతున్నాడు. రెండు రాత్రులు ఆలోచించి నేను ఒట్టు తప్పాలనే నిర్ణయించుకున్నాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యం మాత్రం లేదు. అందుకే ఎర్రగుడ్డ కప్పి, భుజాల మీద రెండు చేతులూ వేసి, పొయ్యి మీద సీసం కరుగుతుండగా చెప్పాను. నక్క లేదు. ఫోన్ మోగింది. నీదే.

నా చేతుల కింద ఆ భుజాలు కదలలేదు. ఏడుస్తుందనుకున్నాను, లేచి నన్ను కొడుతుందనుకున్నాను. గుడ్డ కింద నుంచి మామూలు గొంతు వినిపించింది.

"తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"బానే ఉన్నా అన్నాడు. వెంటనే పెద్ద చప్పుడయింది. లైను పోయింది. నేను విన్నాను. తర్వాత ఆసుపత్రిలో నక్క అన్నాడు. సరే, నక్కే అనుకున్నా. నక్క అనుకుంటే కూర్చుని కుట్టగలిగాను."

అలాగే చేతులు వేసి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. సీసం పోయడం మర్చిపోయాను. పొయ్యి ఆరిపోయి, అది గరిటెలోనే గడ్డకట్టింది. మా అత్తగారు చూసి ఉంటే చెంప పగలగొట్టేది.

సాయంత్రం ఇద్దరినీ మా బల్ల దగ్గర కూర్చోబెట్టి నా ఒట్టు సంగతి నేనే చెప్పేశాను. రాసిం నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "నీ నోట్లో నువ్వుగింజ నానదా అక్కా?" అన్నాడు. "నీ ప్రాణం నిలవాలంటే నానదు" అన్నాను. లారీ ఎక్కడం ఇంకో నెల వాయిదా వేయించాను, భుజం వంకతో.

సోమవారం నేనే బెహియాను వెంటబెట్టుకుని ఆసుపత్రి వెనక ఉన్న మనోవైద్యం గదులకు తీసుకెళ్ళాను. తలకు మంచి రుమాలు కట్టుకున్నాను, ఎవరైనా చూస్తే నా కోసమే వచ్చామని చెబుతానన్నాను. డాక్టరమ్మ కుర్రది, కాళ్ళకు ఆటల బూట్లు. నాకు మొదట నచ్చలేదు. బెహియా మాటలన్నీ విని, జాలిపడకుండా, విడమర్చి చెప్పింది. అంత కాలం కాపలా కాసిన ఒళ్ళు అలిసిపోయి కొన్ని తలుపులు మూసేసుకుంటుందట, సూది దిగినా తెలియకపోవడం అందులోదేనట. ఊపిరందని ఆ ఘడియ దానంతటదే ఎక్కి దానంతటదే దిగుతుందట. ఫోన్ చేసిన ప్రతిసారీ అది దిగకముందే మనం దానికి అన్నం పెట్టి పంపుతున్నామట.

"చెయ్యకపోతే నేను చచ్చిపోతానేమో" అంది బెహియా.

"అలాగే అనిపిస్తుంది" అంది డాక్టరమ్మ. "పది నిమిషాలు ఆగి చూడు. పాదాలు నేలకి ఆనించి కూర్చో. ఆగలేకపోతే చెయ్యి, తప్పేం లేదు. రేపు మళ్ళీ పది."

నెల రోజులు అదే పని. రాసిం మా వీధి చివర దుకాణానికి వెళ్ళేవాడు, ఆమె పది నిమిషాలు ఆగేది. తర్వాత అతను తన చెల్లెలి ఊరికి, ఇరవై. ఒకరోజు ఓడిపోయి పదకొండుసార్లు చేసింది, మర్నాడు నాతో మాట్లాడలేదు. మంగళవారాల్లో డాక్టరమ్మ దగ్గర మరో ఆరుగురు ఆడవాళ్ళతో కూర్చునేది. ఏం మాట్లాడుకుంటారే అంటే, "ఎక్కువ ఏమీ మాట్లాడుకోం వదినా, అందరం నేల మీద పాదాలు పెట్టుకుంటాం" అంది. బాగుపడిందా అని పేటలో అడిగేవారు. నాకేం తెలుసు? మొహం ఎప్పటిలాగే ఉండేది.

రాసింను మాత్రం ఎవరూ ఏ గదికీ తీసుకెళ్ళలేకపోయారు. "నాకేమైంది? నేను బానే ఉన్నాను" అనేవాడు. ఒప్పందం ఒకటే కుదిరింది: ఆమె చెయ్యదు. దుంగలు ఎక్కించాక, లారీ ఆపి ఉన్నప్పుడు, మధ్యాహ్నం పన్నెండుకు అతనే చేస్తాడు.

మే నెలలో ఒక గురువారం అతను మళ్ళీ కొండ ఎక్కాడు. బెహియాకు రెండో షిఫ్టు. ఎనిమిదింటికల్లా మా ఇంటికి దిగి వచ్చింది. కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా, పాదాలు నేలకు ఆనించి, గడియారానికి ఎదురుగా కూర్చుంది. నేను బఠాణీలు వలిచాను. తొమ్మిదింటికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. నేను లేవబోతే చేత్తో వద్దంది. కాసేపటికి ఆ తెలుపు పోయింది. తొమ్మిదిన్నరకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. కాఫీ అలాగే చల్లారింది.

పదింబావుకు నా ఫోన్ మోగింది. తెర మీద రాసిం పేరు. పన్నెండు ఇంకా కాలేదు. నా చేతిలోంచి గిన్నె జారి బఠాణీలు గది నిండా పడ్డాయి.

"అక్కా" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "బెహియా బానే ఉందా? మూడు గంటలైంది. ఒక్కసారి కూడా మోగలేదు. ఎప్పుడూ ఇంతసేపు ఉండదు. ఏమైనా అయిందా? నిజం చెప్పు అక్కా, ఏమైంది?"

చిన్న గది మాది. ఆమెకు అంతా వినిపించింది. చెయ్యి చాపితే ఫోన్ ఇచ్చాను.

"లారీ ఆపావా?" అంది.

"ఆపా. పక్కకి తీసి ఆపా."

అతను రొప్పడం నాకు ఇటువైపుకు కూడా వినిపిస్తోంది. అంత పెద్ద మనిషి, కొండ అంచున ఒంటరిగా. బెహియా ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"భయమేస్తోందా?"

రొప్పుతూనే "ఆఁ" అన్నాడు.

"నాకూ వేస్తోంది" అంది బెహియా. ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. "ఇంజను ఆపేసి అక్కడే ఉండు. కాసేపు ఇద్దరం భయపడదాం."